‘ఇంకెన్నాళ్లు?’ అన్న ఒక్క ప్రశ్నలో ఎన్ని ప్రశ్నలో

కోవిడ్ వచ్చి వెళ్లాక పల్స్ ఆక్సీమీటర్ చాలా ఇళ్లలో మామూలు వస్తువైపోయింది. ఎక్కువమంది దాన్ని ఏదో సొరుగులో పడేసి మర్చిపోయారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు, లంగ్ ఫైబ్రోసిస్ ఉన్న మనిషి ఇంట్లో మాత్రం అది దిండు పక్కనే ఉంటుంది. నిద్ర లేవగానే ఒకసారి వేలికి పెట్టుకుంటారు. స్నానం చేసొచ్చాక ఒకసారి. మనవడితో నాలుగు మాటలు మాట్లాడాక ఇంకోసారి. 94 కనిపిస్తే ఆ పూటకు గండం గడిచినట్టు. 88 కనిపిస్తే ఇంట్లో అందరి ముఖాలూ వాడిపోతాయి. పది నిమిషాలాగి చూస్తే మళ్లీ 92. వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగున్నా ఆ అంకె తేడాగా వస్తుందని డాక్టర్ చెప్పే ఉంటారు. అయినా చూడకుండా ఉండలేరు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందన్నది మాత్రమే చెప్పగలిగే ఆ చిన్న పరికరాన్ని వాళ్లు మరో సంగతి అడుగుతున్నారు. ఇంకెన్నాళ్లు అని.

నయం కాని జబ్బుల మాటొస్తే మనం చావు భయం గురించే ఎక్కువగా చెప్పుకుంటాం. నెలల తరబడి, ఏళ్ల తరబడి మనిషిని లోపల్నుంచి తినేసేది మాత్రం చాలాసార్లు ‘ఎప్పుడో, ఎలాగో తెలియకపోవడం’. మా పెదనాన్నకు ఈ జబ్బు ఉన్న రోజుల్లో ఇంట్లో జరిగిన గొడవలు, ముభావాలు, అర్థం లేని ఖర్చులు ఇప్పుడు తలుచుకుంటే వాటిలో చాలావరకు ఈ తెలియకపోవడం నుంచి పుట్టినవే అనిపిస్తుంది. అది మన మీద ఒక్క బండలా వచ్చి పడుతుంది. విడదీసి చూస్తే అందులో కొంత తెలుసుకోగలిగింది ఉంటుంది, కొంత మనం నిర్ణయించుకోగలిగింది ఉంటుంది. ఈ రెండూ తీసేశాక మిగిలేదే నిజంగా ఎవరికీ తెలియనిది. దానితో బతకడం కష్టమే, కానీ మొదట కనిపించినంత పెద్దదిగా అది ఉండదు. ఆ విడదీయడం ఎలాగో లంగ్ ఫైబ్రోసిస్ ఉదాహరణతో చెప్పాలని నా ప్రయత్నం. క్యాన్సరైనా, గుండె బలహీనపడే జబ్బైనా, కండరాలు చచ్చుబడే జబ్బైనా వివరాలు మారతాయి గానీ చిక్కుముడి ఇంచుమించు ఇదే.

జబ్బు పేరుతో మొదలుపెట్టాలి

ఊపిరితిత్తుల్లో గాలి గదుల చుట్టూ ఉండే పల్చటి కణజాలం మచ్చకట్టి గట్టిపడటమే ఫైబ్రోసిస్. మెత్తగా సాగాల్సిన ఊపిరితిత్తి బిరుసెక్కుతుంది. ఆక్సిజన్ రక్తంలోకి దాటడం కష్టమవుతుంది. మొదట వదలని పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. తర్వాత చదునైన దారిలో నడిచినా ఆయాసం. ఇంకొన్నాళ్లకు చొక్కా తొడుక్కున్నా ఆయాసమే. ఒకసారి గట్టిపడ్డ మచ్చ మళ్లీ మామూలు కాదు. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అనే రెండు మందులకు అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది, మన దగ్గరా దొరుకుతున్నాయి. జబ్బు ముదిరే వేగాన్ని అవి తగ్గిస్తాయి, పూర్తిగా ఆపలేవు. ఊపిరితిత్తుల మార్పిడి ఒక దారే కానీ వయసు, మిగతా ఆరోగ్యం, అవయవం దొరకడం అన్నీ కలిసిరావాలి కాబట్టి అది కొద్దిమందికే అందుతుంది.

‘లంగ్ ఫైబ్రోసిస్’ అన్నది ఒక్క జబ్బు కాదు. ఏ కారణమూ దొరకని రకాన్ని ఐపీఎఫ్ అంటారు. ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కళ్లపడే భయంకరమైన అంకెలు ఎక్కువగా దానివే. మన దేశంలో 19 నగరాల్లోని 27 కేంద్రాల్లో 1,084 మంది రోగులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఐపీఎఫ్ ఉన్నవాళ్లు 14 శాతం లోపే. 47 శాతం మందిది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. అంటే పీల్చే గాలిలో ఉన్న దేనికో ఊపిరితిత్తులు ఎదురుతిరగడం వల్ల వచ్చేది. వాళ్లలో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ గాలికి అలవాటు పడ్డవాళ్లు. పావురాల రెట్టలు, ఈకల వల్ల కూడా ఈ జబ్బు వస్తుంది. బాల్కనీలకు వలలు కట్టించుకునే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాళ్లకు పావురాల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కారణం తొందరగా దొరికి, దాన్ని ఇంట్లోంచి తీసేయగలిగితే, వాపు మందులకు లొంగితే, ఈ రకంలో కొందరు ఏళ్ల తరబడి నిలకడగా ఉంటారు. కీళ్లవాతం లాంటి జబ్బులతో పాటు వచ్చే ఫైబ్రోసిస్ మళ్లీ వేరే దారి.

కాబట్టి విడదీయడంలో తొలి మెట్టు ఇది. మాకు వచ్చింది ఏ రకం? ఎంత నిశ్చయంగా చెప్పగలరు? గత ఏడాది ఊపిరి పరీక్షకూ ఈ ఏడాది పరీక్షకూ తేడా ఎంత? ఈ మూడింటికీ జవాబులు ఫైల్లోనే ఉంటాయి, అడిగితే చెప్తారు. పెదనాన్న ఫైల్లో ఊపిరి పరీక్షల కాగితాలు వరసగా ఉండేవి. వాటిని పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన చాలాకాలం ఎవరికీ రాలేదు. రోజుకు పదిసార్లు ఆక్సీమీటర్ చూసేవాళ్లం. నెలల మీద జబ్బు ఎటు వెళ్తోందో చెప్పేది మాత్రం ఆ కాగితాలే.

మూడు నుంచి ఐదేళ్లు అంటే ఏమిటి

ఐపీఎఫ్ బయటపడ్డాక సగటున మూడు నుంచి ఐదేళ్లు అని చదువుతాం. చదివినవాళ్లు దాన్ని క్యాలెండర్ మీద గీత లాగా తీసుకుంటారు. ఆ అంకె అర్థం వేరు. వంద మంది రోగులను వాళ్లు బతికిన కాలం ప్రకారం వరసగా నిలబెడితే మధ్యలో ఉన్న మనిషిది ఆ అంకె. సగం మంది అంతకన్నా ముందు పోతారు, సగం మంది అంతకు మించి బతుకుతారు. మించి బతికేవాళ్లు ఎంత దూరం వెళ్తారో ఆ అంకె చెప్పదు.

ఈ సంగతి లోకానికి తన బతుకుతోనే చూపించినవారు అమెరికన్ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్. 1982లో ఆయన పొట్టలోపలి పొరకు అరుదైన క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. అప్పటి వైద్య గ్రంథాల ప్రకారం ఆ జబ్బులో మధ్య అంకె 8 నెలలు. ఆయన ఇరవై ఏళ్లు బతికి 2002లో వేరే క్యాన్సర్‌తో చనిపోయారు. ఇలాంటి ఉదాహరణలను ధైర్యం చెప్పడానికి వాడతాం, వాడొచ్చు కూడా. అయితే గూల్డ్ అంకెను కొట్టిపారేయలేదు. తన వయసెంత, జబ్బు ఏ దశలో దొరికింది, వైద్యం ఎలాంటిది అని ఒక్కొక్కటే లెక్కేసుకుని, తాను ఆ వరసలో రెండో సగంలో ఉండే అవకాశం ఎక్కువని గ్రహించారు. మన బంధువులు ‘ఫలానావాళ్లు పదిహేనేళ్లు బతికారట, నువ్వూ బతుకుతావు’ అంటారే, అది వేరు. ఆ మాటతో రోగి నోరు మూతపడుతుంది. తన భయం చెప్పుకోవడానికి ఇక చోటుండదు.

ఐపీఎఫ్‌లో ఇంకో మెలిక ఉంది. కొందరిలో జబ్బు ఏళ్లపాటు దాదాపు కదలదు. కొందరిలో నెమ్మదిగా, ఏటవాలుగా దిగుతుంది. మరికొందరిలో బాగానే ఉన్నట్టుండి కొద్ది రోజుల్లోనే ఊపిరి ఒక్కసారిగా పడిపోతుంది. దీన్ని అక్యూట్ ఎగ్జాసర్బేషన్ అంటారు, అది చాలా ప్రమాదకరం. ఎవరికి వస్తుందో, ఎప్పుడొస్తుందో ముందుగా ఖచ్చితంగా చెప్పే పరీక్ష లేదు. ఎంత విడదీసినా మిగిలిపోయే ముక్కల్లో ఇదొకటి.

డాక్టర్ ఎందుకు తప్పించుకుంటారు

‘చెప్పలేమండీ, అంతా దేవుడి చేతిలో ఉంది’ అని డాక్టర్ అంటే మనకు రెండు అనుమానాలొస్తాయి. ఈయనకు తెలియదా, లేక తెలిసి దాస్తున్నాడా? రెండూ కొంతవరకు నిజమే. 2000లో అమెరికాలోని చికాగోలో ఒక అధ్యయనం వచ్చింది. చివరి దశలో ఉన్న 468 మంది రోగుల గురించి 343 మంది డాక్టర్లను ‘ఈయన ఎన్నాళ్లుంటారు’ అని అడిగారు. ఐదింట ఒక అంచనా మాత్రమే సరైనదానికి దగ్గరగా వచ్చింది. 63 శాతం అంచనాల్లో రోగి నిజంగా బతికినదానికన్నా ఎక్కువ కాలం చెప్పారు. రోగితో పరిచయం పెరిగేకొద్దీ తప్పు కూడా పెరిగింది. మనిషి మీద అభిమానం లెక్కను పైకి లాగుతుందన్నమాట.

ఇది తెలిశాక డాక్టర్ మీద కోపం కొంత తగ్గుతుంది, అడిగే పద్ధతి మారుతుంది. ‘ఎన్నాళ్లు’ అని ఒక్క అంకె అడిగితే ఆయన వెనక్కి తగ్గుతారు. ‘అన్నీ బాగా జరిగితే ఎలా ఉండొచ్చు, బాగా జరగకపోతే ఎలా ఉండొచ్చు, రెండింటి మధ్య మీకు ఎక్కువ అవకాశం ఎక్కడ కనిపిస్తోంది’ అని అడిగితే చాలామంది డాక్టర్లు నోరు విప్పుతారు. ‘మాట్లాడుకుంటున్నది ఏళ్లలోనా, నెలల్లోనా, వారాల్లోనా’ అన్నది కూడా మంచి ప్రశ్నే. నాకు అన్నిటికన్నా ఉపయోగంగా తోచేది మరొకటి. ‘వచ్చే ఆరు నెలల్లో ఇంట్లో ఏం మారవచ్చు, దేనికి సిద్ధంగా ఉండాలి?’ తేదీ అడగట్లేదు కాబట్టి దీనికి ఆయన జవాబు చెప్పగలరు.

తెలియకపోవడం ఒంటికి ఏం చేస్తుంది

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో 45 మందితో ఒక ప్రయోగం చేసి 2016లో ప్రచురించారు. కంప్యూటర్ తెర మీద రాళ్లు కనిపిస్తాయి. ఏ రాయి కింద పాముందో ఊహించాలి. పాముంటే చేతికి నొప్పి పుట్టేలా చిన్న కరెంటు షాక్. చెమట, కంటిపాప పెద్దదవడం లాంటివి కొలిచి వాళ్ల టెన్షన్ ఎంతో చూశారు. షాక్ తప్పదని తెలిసినప్పుడు కన్నా, వస్తుందో రాదో సగం సగంగా ఉన్నప్పుడు టెన్షన్ ఎక్కువగా ఉంది. ఖాయంగా వచ్చే దెబ్బకు ఒళ్లు సిద్ధమవుతుంది, కొంత సర్దుకుంటుంది. రావచ్చు, రాకపోవచ్చు అన్నదానికి కాపలా కాస్తూనే ఉంటుంది.

స్కాన్‌కూ రిపోర్టుకూ మధ్య రోజుల్లో ఇంట్లో చిన్న మాటకే ఎందుకు విరుచుకుపడతారో దీంతో అర్థమవుతుంది. రిపోర్టులో చెడువార్త ఉన్నా, అది విన్న రాత్రి కొందరు చాన్నాళ్ల తర్వాత నిద్రపోతారు. కెనడాలో హంటింగ్టన్స్ అనే వంశపారంపర్య మెదడు జబ్బు భయం ఉన్న కుటుంబాల వారికి జన్యు పరీక్ష చేసి, ఫలితాలను 1992లో ప్రచురించారు. జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని తెలిసినవాళ్లు కూడా, ఏమీ తేలకుండా మిగిలిపోయినవాళ్ల కన్నా ఏడాది తర్వాత మానసికంగా మెరుగ్గా ఉన్నారు. అలాగని అందరికీ అన్నీ చెప్పేయాలని నేననను. ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు తెలుసుకోవాలని తామే కోరి వచ్చినవాళ్లు. వద్దనుకునే హక్కు కూడా మనిషికుంది. ఎంత తెలుసుకోవాలనుందో ముందు ఆ మనిషినే అడగాలి, అంతే.

కాపలా కాసే మనసు ఊరుకోదు. అది కొన్ని పనులు కల్పించుకుంటుంది. ఆక్సీమీటర్ చూడటం, అర్ధరాత్రి యూట్యూబ్‌లో వెతకడం, ఒక ఆస్పత్రి తర్వాత ఇంకో ఆస్పత్రి, ‘ఫైబ్రోసిస్ కరిగించే’ చూర్ణాల కొరియర్లు, జాతకంలో ఎప్పటిదాకా గండముందో చెప్పే సిద్ధాంతి. ప్రతి పనీ ఒక గంట ఊరటనిస్తుంది. గంట తీరాక మళ్లీ అదే ప్రశ్న, ఇంకాస్త పదునుగా. ఇక్కడ ప్రార్థనను ఈ జాబితాలో కలపను. మృత్యుంజయ జపం చేసేవాళ్లు, చర్చిలో మోకరిల్లేవాళ్లు, దువా చేసేవాళ్లు చాలామంది తేదీ అడగడానికి చేయరు. తెలియనిదాన్ని ఒకరి చేతిలో పెట్టి కాసేపు చేతులు ఖాళీ చేసుకుంటారు. అది నిజంగా బలాన్నిస్తుంది. డబ్బు తీసుకుని తేదీ చెప్పేవాళ్లు ఆ కుటుంబాన్ని ఆ తేదీకి బందీ చేస్తారు. తేడా అదీ.

ఆక్సీమీటర్‌కు ఒక మందు ఉంది. రోజుకు ఎన్నిసార్లు, ఏ సమయాల్లో చూడాలి, అంకె ఎంతకు తగ్గితే ఫోన్ చేయాలి, అప్పటిదాకా ఏం చేయాలి అన్నది డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోవడం. అలా రాసి ఫ్రిజ్ మీద అంటించిన ఇంట్లో ఆ పరికరం మళ్లీ పరికరంగా మారుతుంది.

అసలు అడుగుతున్నది ఏమిటి

‘ఇంకెన్నాళ్లు’ అన్న ప్రశ్నను నెమ్మదిగా కదిపితే దాని వెనక వేరే ప్రశ్నలు బయటికొస్తాయి. ఈ జబ్బులో ముందుగా వచ్చేది చాలామందిలో ఒకటే: ఊపిరాడక గిలగిల్లాడి పోతానా? ఇది కాలం గురించి అడిగే ప్రశ్నే కాదు. దీనికి జవాబుంది. ఆయాసాన్ని, ఆయాసం వల్ల పుట్టే భయాన్ని తగ్గించే పద్ధతులున్నాయి. ముఖానికి దగ్గరగా చిన్న ఫ్యాన్ పట్టుకోవడం అందులో ఒకటి. చిట్కాలా అనిపిస్తుంది గానీ చల్లగాలి ముక్కు, బుగ్గల మీద తగిలితే మెదడుకు అందే ఆయాసపు సంకేతం తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. ముందుకు వంగి మోచేతులు బల్ల మీద ఆనించి కూర్చోవడం, పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా గాలి వదలడం కూడా పనికొస్తాయి. ఇక చివరి రోజుల్లో అవసరమైతే చిన్న మోతాదు మార్ఫిన్, ఆందోళన తగ్గించే మందులు ఇచ్చి ఆ మనిషి బాధపడకుండా చూసుకునే వైద్యులున్నారు. ఈ మాట ముందే వింటే చాలామంది భుజాలు దిగుతాయి. నా దృష్టిలో ఐపీఎఫ్ రోగికి డాక్టర్ చెప్పాల్సిన మాటల్లో మొదటిది ఇదే కావాలి. అది ఎవరూ చెప్పకపోవడం వల్లే ఎంతోమంది రాత్రిళ్లు కళ్లు మూయడానికి భయపడతారు.

రెండోది, రాత్రి కరెంటు పోతే? గాలిలోంచి ఆక్సిజన్ తీసి అందించే యంత్రం, ఆక్సిజన్ కాన్సంట్రేటర్, కరెంటు మీద నడుస్తుంది. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ దాన్ని ఎంతసేపు మోయగలదో ఎలక్ట్రీషియన్ ఒక పూటలో తేలుస్తాడు. స్టాండ్‌బైగా ఒక సిలిండర్, దాన్ని మార్చడం ఇంట్లో కనీసం ఇద్దరికి రావడం. దేవుడి గదిలో దీపం ఆక్సిజన్ గొట్టానికి దూరంగా ఉండేలా మంచం జరపడం. ఇంత చిన్న ఏర్పాటుతో ఒక పెద్ద భయం ఇంట్లోంచి వెళ్లిపోతుంది.

మూడోది, ‘నన్ను ఐసీయూలో గొట్టాలతో ఉంచేస్తారా?’ దీన్ని రోగి అడగడు, కుటుంబం ఎత్తదు. జబ్బు బాగా ముదిరిన ఐపీఎఫ్‌లో వెంటిలేటర్ మీదికి వెళ్లినవాళ్లలో బయటికొచ్చేవాళ్లు తక్కువ. ఆ నిర్ణయం అర్ధరాత్రి ఎమర్జెన్సీ వార్డు గుమ్మంలో, కొడుకు చేతిలో పెన్ను పెట్టి తీసుకోవాల్సింది కాదు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇచ్చిన తీర్పులో, తనకు ఎలాంటి వైద్యం వద్దో మనిషి ముందుగానే రాసిపెట్టుకోవచ్చని ఒప్పుకుంది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీ చేత గానీ గెజిటెడ్ అధికారి చేత గానీ ధృవీకరింపజేస్తే చాలు. తన తరఫున మాట్లాడేది ఎవరో కూడా అందులో రాయొచ్చు. ఆ కాగితం రాయడం అపశకునం అంటారు మన పెద్దలు. రాసిపెట్టుకున్నవాళ్లు మాత్రం ఆ తర్వాత తేలికపడ్డట్టు చెప్తారు. ‘ఎప్పుడు’ అన్నది చేతిలో లేకపోయినా ‘ఎలా’ అన్నది కొంతైనా చేతిలోకి వస్తుంది కదా.

ఆ తర్వాతి ప్రశ్నలు ఇంటిని బట్టి ఉంటాయి. అమ్మాయి పెళ్లి చూస్తానా? పొలం కాగితాలు ఎవరి పేరు మీదున్నాయి? పెన్షన్‌లో మీ అమ్మ పేరు నామినీగా ఉందా? తమ్ముడితో పదేళ్లుగా మాటల్లేవు, కబురు పెట్టనా? వీటిలో ఏ ఒక్కదానికీ జబ్బు తేదీ అక్కర్లేదు.

ఆయనకు చెప్పకండి డాక్టర్ గారూ

మన ఇళ్లలో ఈ విడదీయడానికి అడ్డుపడేది ఎక్కువగా ప్రేమే. రోగిని బయట కూర్చోబెట్టి కొడుకు లోపలికెళ్తాడు. ‘నాన్నకు చెప్పకండి, తట్టుకోలేరు’ అంటాడు. అవతల నాన్నేమో అమ్మతో ‘పిల్లలకు చెప్పకు, ఉద్యోగాలు వదిలేసి వస్తారు’ అంటాడు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఈ నాటకంలో అందరికన్నా ఒంటరివాడయ్యేది రోగి. ఒళ్లు తనకు నిజం చెప్తూనే ఉంటుంది. నిన్న ఎక్కిన మెట్లు ఇవాళ ఎక్కలేకపోతాడు. ఇంట్లోవాళ్లేమో ‘వాతావరణం బాలేదు’ అంటారు. తన ఒంటిని నమ్మాలో, తనవాళ్లను నమ్మాలో తేల్చుకోలేని స్థితి అది.

పెద్ద చర్చేమీ అక్కర్లేదు. ‘ఏమండీ, మీ జబ్బు గురించి డాక్టర్ చెప్పింది మీకు అంతా తెలుసుకోవాలనుందా, లేకపోతే మేం చూసుకుంటామా?’ అని భార్య ఒక్కసారి అడిగితే చాలు. కొందరు ‘మీరే చూసుకోండి’ అంటారు, అది గౌరవించాల్సిన జవాబు. కొందరు ఎన్నాళ్లుగానో ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు మాట్లాడటం మొదలుపెడతారు. పొద్దున వచ్చే ఎండాకాలం మామిడికాయ ఊరగాయ గురించి మాట్లాడి, సాయంత్రం తన కర్మ ఎక్కడ చేయాలో చెప్పే మనిషిని చూసి ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. ఈయనకు అర్థమైందా, కాలేదా అని. అర్థమైంది. ఆశా, సిద్ధపడటమూ ఒకే మనిషిలో ఒకేరోజు ఉంటాయి. చావు దగ్గర్లో ఉన్నవాళ్లతో పనిచేసే మానసిక వైద్యులు దీన్ని ఆరోగ్యకరమైన స్థితిగానే చూస్తారు. దాన్ని ఏదో ఒక వైపుకు లాగే పని మనం పెట్టుకోకూడదు. ‘అలాంటి మాటలు మాట్లాడకు, పాజిటివ్‌గా ఉండు’ అనడం అలా లాగడమే.

రావాలా, ఆగాలా

తెలుగువాళ్ల ఇళ్లలో ఈ అనిశ్చితికి ప్రత్యేకమైన రూపం ఒకటుంది. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. నాన్న ఆస్పత్రిలో చేరారని ఫోనొస్తుంది. టికెట్ కొనాలా? వీసా స్టాంపింగ్ ఉంది, ఉన్న సెలవులు రెండు వారాలే, వెళ్లి తిరిగి రాలేకపోతే? పరిగెత్తుకొస్తారు. నాన్న కోలుకుని ఇంటికొస్తారు. అందరూ సంతోషించాల్సిందే, కానీ తిరుగు విమానంలో కొడుక్కి ఏదో దిగులు. సెలవులు అయిపోయాయి, మళ్లీ ఎప్పుడో తెలియదు. ఆ దిగులు వెనకే సిగ్గు. ఊపిరితిత్తులు, గుండె జబ్బుల్లో ఇది పదేపదే జరుగుతుంది. ఒక్కసారిగా దిగజారడం, కోలుకోవడం, కోలుకున్నా మునుపటంత పైకి రాకపోవడం, మళ్లీ దిగజారడం. ప్రతిసారీ కుటుంబం వీడ్కోలుకు సిద్ధపడి, మళ్లీ వెనక్కి రావాల్సి వస్తుంది.

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం గట్టిగానే చెప్తాను. చివరి క్షణానికి అందుకోవాలన్న లెక్క వదిలేయడం మంచిది, ఎందుకంటే ఆ లెక్క డాక్టర్లకే అందదు. నాన్న మాట్లాడగలిగిన రోజుల్లో, నవ్వగలిగిన రోజుల్లో వచ్చి ఉండటం మేలు. చివరికి అందుకోలేకపోతే ఊళ్లో నాలుగు మాటలంటారు. అననివ్వండి. ఐసీయూ అద్దం బయట గడిపే రెండు వారాల కన్నా, వరండాలో కూర్చుని పేపర్ చదివి వినిపించిన రెండు వారాలు తండ్రికి చేరతాయి.

దీనికి ఉల్టాగా జరిగేదీ ఉంది. 1944లో ఎరిక్ లిండెమన్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు ముందస్తు దుఃఖం గురించి రాశారు. యుద్ధానికి వెళ్లిన భర్త తిరిగి రాడేమోనని కొందరు భార్యలు అతనుండగానే ఎంతగా ఏడ్చి తేరుకున్నారంటే, అతను ప్రాణాలతో తిరిగొచ్చేసరికి ఆ మనసులో అతనికి చోటు మిగల్లేదు. దీర్ఘకాలపు జబ్బుల్లో ఇది నెమ్మదిగా జరుగుతుంది. ఇంటి నిర్ణయాల్లో ఆయన్ను అడగడం మానేస్తారు. సంక్రాంతికి ఏం వండాలన్నది ఆయన ముందే, ఆయన లేనట్టు మాట్లాడతారు. ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. నొప్పి తగ్గించుకోవడానికి మనసు ముందుగానే దూరం జరుగుతుంది. గమనిస్తే ఆపొచ్చు. ఆయన చేయగలిగిన పని ఒక్కటైనా ఆయనకే వదిలేయాలి. పాలవాడి లెక్కలైనా సరే, మనవరాలి హోంవర్కైనా సరే.

సాయం ఎక్కడుంది

జబ్బు నయం కాకపోయినా నొప్పి, ఆయాసం, ఆందోళన లాంటి బాధలు తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. మనం మాత్రం దాన్ని ‘ఇక చేసేదేం లేదు’ అన్నాక పంపే చోటు అనుకుంటాం. 2010లో అమెరికాలోని బోస్టన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిపై జరిగిన అధ్యయనం ఈ అభిప్రాయాన్ని బాగా దెబ్బతీసింది. మొదటినుంచే మామూలు వైద్యంతో పాటు పాలియేటివ్ కేర్ అందినవాళ్లలో డిప్రెషన్ తక్కువగా ఉంది, చివర్లో వృథా వైద్యం తక్కువగా జరిగింది, వాళ్లు మధ్య అంకెలో 11.6 నెలలు బతికారు. మిగతావాళ్లది 8.9 నెలలు. మన దేశంలో ఈ వైద్యానికి బాటవేసిన వారిలో ముఖ్యులు డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్. కేరళలో అది ఊరూరా పాకింది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో ఈ విభాగం చాలాకాలంగా పనిచేస్తోంది, చివరి దశలో ఉన్నవాళ్లను చూసుకునే స్పర్శ్ హాస్పిస్ ఉంది. తెలంగాణ జిల్లాల్లోనూ ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు తెరిచారు. మార్ఫిన్ అందుబాటు పెంచేలా 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. లోటు ఏమిటంటే ఇదంతా ఎక్కువగా క్యాన్సర్ చుట్టూ పెరిగింది. ఫైబ్రోసిస్ రోగిని ఆ వైపు పంపే ఊపిరితిత్తుల డాక్టర్లు ఇంకా తక్కువ. కాబట్టి కుటుంబమే అడగాలి, జబ్బు బయటపడ్డ తొలి నెలల్లోనే అడగాలి.

దుఃఖానికీ డిప్రెషన్‌కూ తేడా కూడా తెలియాలి. దుఃఖంలో ఉన్న మనిషి ఏడుస్తాడు, మనవరాలు వస్తే కాసేపు నవ్వుతాడు. వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేక, ఎవరొచ్చినా కళ్లు తిప్పక, తానొక పనికిరానివాణ్నని, పోతే మేలని అంటూ ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. ‘అంత జబ్బులో ఉన్నవాళ్లకు అది మామూలే’ అని వదిలేస్తారు. జబ్బు నయం కాకపోయినా డిప్రెషన్‌కు వైద్యం పనిచేస్తుంది.

చూసుకునేవాళ్ల గురించి ఒక్కమాట. నెలల తరబడి నిద్రలేని భార్యకో, కోడలికో, చిన్న కొడుక్కో ఏదో ఒక రాత్రి ‘ఇది త్వరగా అయిపోతే బాగుండు’ అనిపిస్తుంది. ఆ వెంటనే తనమీద తనకే అసహ్యం వేస్తుంది. ఆ ఆలోచన ఎవరికీ చెప్పుకోలేరు. పాలియేటివ్ కేర్ నర్సులను అడగండి, దాదాపు ప్రతి ఇంట్లో విన్నామంటారు. అది ఆ మనిషి చావాలన్న కోరిక కాదు, కాపలా కాసీ కాసీ అలసిన ఒంటి మాట. వారానికి ఒక రాత్రయినా వేరే ఎవరైనా ఆ మంచం పక్కన పడుకుని ఆ మనిషిని నిద్రపోనివ్వాలి. బంధువులు ఆపిల్ పండ్లు తేవడం కన్నా ఆ ఒక్క రాత్రి ఇస్తే మంచిది. మాట్లాడటానికి ఎవరూ లేకపోతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416 ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. రోగే చేయాలని లేదు, చూసుకునేవాళ్లు కూడా చేయొచ్చు.